మూడో రీడింగు

గంటలో వచ్చేస్తానంది ఫోనులో సైకిలు అమ్మే ఆవిడ, కూర్చోండి సార్, మా అత్తయ్య ఉంటారు, ఈలోగా సైకిలు చూసుకోండి అంది, ఆ మాట వెనకాల బస్సు హారన్, హారన్ వెనకాల వాన, ఇంకేమీ వినిపించలేదు. సరే, గంట అంటే గంట. ఇంటికి వెళ్ళి మాత్రం నేను చేసేదేముంది. పైగా రెండంతస్తులు ఎక్కివచ్చిన కాలు ఇప్పుడప్పుడే దిగనని మొరాయిస్తోంది. ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు చెడ్డ కాలు అని ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. ముప్పై ఎనిమిది మెట్లు. ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ కలుసుకుని, పలకరించుకుని, విడిపోయి పైమెట్టుకి వెళ్ళాయి. చిన్నపిల్లలూ ముసలివాళ్ళూ అలాగే ఎక్కుతారు, మధ్యలో వచ్చే నలభై ఏళ్ళలోనే మనిషి పాదాలు ఒకదాన్నొకటి పట్టించుకోవు. తలుపు తీసిన పెద్దావిడ నన్ను తల నుంచి చేతికర్ర దాకా చూసి, "ఎవరూ, సైకిలు కోసమా? నువ్వా?" అంది. ఆ 'నువ్వా'లో ఎగతాళి లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉంది. అవునమ్మా, నేనే అన్నాను. ఆ వయసు వాళ్ళు నన్ను నువ్వు అంటే హాయిగా ఉంటుంది. ఈ మధ్య ఊళ్ళో నన్ను నువ్వు అనేవాళ్ళే కరువయ్యారు.

అదీ సైకిలు, ఇంట్లో నిలబెట్టి తొక్కేది. మూలన, కిటికీకీ కుట్టుమిషనుకీ మధ్య, దాని హ్యాండిలు మీద తెల్లకోట్లు నాలుగు వేలాడుతున్నాయి, నలుగురు డాక్టర్లు ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోతున్నట్టు. ఈ ఇంటి కోడలు ఆసుపత్రులకి కోట్లు కుడుతుందట. గోడ పొడవునా గుడ్డ చుట్టలు, కింద తెల్లటి కత్తిరింపు ముక్కలు, మిషను మెడలో కొలతల టేపు. ఊరంతా ఇంతే, మూడు వారాల్లో ఏడిళ్ళు చూశాను, ఏ ఇంట్లో చూసినా ఈ సైకిళ్ళ మీద మనుషులు లేరు, బట్టలున్నాయి. ఒక ఇంట్లో దాని సీటు మీద పిల్లి కాపురం పెట్టింది, లేపబోతే ఇంటాయన, ఉండనివ్వండి, దానిక్కూడా కలిపే రేటు చెప్పాను అన్నాడు. మూడు వారాల్లో నేను నవ్వింది అప్పుడొక్కసారే, నవ్వాక గది చాలా నిశ్శబ్దంగా ఉన్నట్టనిపించింది. ఇదివరకు నేను నవ్వితే పక్కనుంచి ఇంకో నవ్వు అందుకునేది. కొత్తవీ చూశాను. అద్దాల షాపులో ఉన్నదానికి నా రెండు నెలల పెన్షను పోయాలి, మందులకి ఏం పొయ్యాలి మరి. అందుకని ఇలా, పేపర్లో చిన్న ప్రకటనలు, ఫోన్లు, మెట్లు. మోకాలి మడత తొంభై ఆరు డిగ్రీలు అంది మొన్న ఆ ఫిజియోథెరపీ అమ్మాయి, పడ్డప్పుడు విరిగి, తీగ చుట్టి కలిపిన నా మోకాలి చిప్ప మీద కోణమానిని పెట్టి. అమ్మా, ఇంకో రెండుసార్లు కొలువు అన్నాను. ఎందుకంకుల్, తొంభై ఆరే అంది. నూట పది దాటితేగాని మెట్టు మెట్టులాగా ఎక్కలేరు, ఇంట్లో సైకిలు పెట్టుకుని రోజూ అరగంట అటూ ఇటూ ఊపండి, ఒకరోజు దానంతటదే పూర్తిగా తిరుగుతుంది, నెల దాటిందంటే మాత్రం లోపల అతుక్కుపోతుంది, తర్వాత నేనేం చేసినా రాదు అంది. నెలలో ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

"చూశావా?" అంది పెద్దావిడ మంచం మీద కూర్చుంటూ. "ఏముంది చూడ్డానికి. ఇనప సామాను."

చూస్తాను, చూడ్డం నా వృత్తి. ముప్పై ఆరేళ్ళు కాలేజీ ఫిజిక్సు ల్యాబులో డెమాన్‌స్ట్రేటరుగా, పిల్లలకి చూడ్డం నేర్పాను. ఒక రీడింగు అబద్ధం, రెండు రీడింగులు అనుమానం, మూడు రీడింగులు నిజం. ఈ మాట బోర్డు మీద రాయకుండా ఏ సంవత్సరమూ మొదలుపెట్టలేదు. లోలకం గుండు ఊగుతూంటే స్టాప్‌వాచీ నొక్కి ఇరవై ఊపులు లెక్కపెట్టండి, రాయండి, మళ్ళీ లెక్కపెట్టండి, మళ్ళీ. మొదటిదే రాసి మిగతా రెండూ కల్పించే తెలివైనవాళ్ళు బెంచీకొకడు ఉండేవాడు, కల్పించిన అంకెలు ఎప్పుడూ మరీ బాగా కలుస్తాయి, అలా పట్టుకునేవాణ్ణి. ల్యాబులో పనికొచ్చిన బుద్ధి ల్యాబులో వదిలేసి రావాలని నాకెవరూ చెప్పలేదు. పెళ్ళికి ముందు ఆమె ఇంటికీ మూడుసార్లు వెళ్ళాను. రెండోసారికే వాళ్ళ నాన్నగారు, అబ్బాయికి ఏదో అనుమానంలా ఉందే అని నసిగారట. మూడోసారి తలుపు తనే తీసింది, తీసి, గడపలో నిలబడి, "సగటు ఎంత వచ్చింది?" అని అడిగింది. అంతే, ఇంక నాలుగో రీడింగు అక్కర్లేకపోయింది. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు నాకు ఇంట్లో పేరు మూడుసార్లాయన. మూడుసార్లాయనా, పాలు పొంగుతున్నాయి, ఒక్కసారి చూస్తే చాలు, కట్టెయ్యండి. కూరగాయలాయన దగ్గర తూకం ఇంకోసారి వెయ్యమంటే సంచీ లాక్కుని ముందుకి నడిచేది, సిగ్గుతో మెడ వంచుకుని, ఎవరికో సంబంధించినవాణ్ణి అన్నట్టు నన్ను వెనకాల వదిలేసి.

"చప్పుడు నాయనా," అంటోంది పెద్దావిడ. "తిరిగినప్పుడల్లా టక్కుమంటుంది. ఒక్కో తిప్పుకీ ఒక్కో టక్కు. పక్కవాళ్ళు తగువుకొస్తారు." చేత్తో పెడల్ తిప్పి చూశాను. నిజమే, కింద ఎక్కడో బోల్టు వదులు, చుట్టుకొకటి చొప్పున టక్కుమంది, కానీ చక్రం ఎంత నున్నగా తిరిగిందో, వదిలేశాక కూడా కొంచెంసేపు తనలో తాను పాడుకుంటున్నట్టు ఓ సన్నటి రొద. బేరింగులు బాగున్నాయి, బెల్టు సాగలేదు. బాగానే ఉందే అమ్మా అన్నాను. "సీటు రాయి," అంది వెంటనే. "రెండ్రోజులు కూర్చున్నావంటే మూడోరోజు కూర్చోలేవు, నిలబడే భోంచెయ్యాలి." అమ్మేవాళ్ళింట్లో మనిషి సరుకుని ఇలా దుమ్మెత్తిపోయడం మొదటిసారి చూస్తున్నాను. కోడలు అమ్మకానికి పెట్టింది, అత్త బేరం చెడగొడుతోంది, ఏదో ఇంటి గొడవ, మనకెందుకు. ఆవిడ లేచి వంటగదిలోకి వెళ్ళింది. ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తోంది, పాదం నేలని విడిచేముందు ఓ క్షణం ఆలోచించుకుని, వెళ్దామా అని అడిగి, వెళ్తోంది. నా కాలు ఇప్పుడు చేసేదీ అదే కాబట్టి ఆ నడక నాకు చదవడానికి వచ్చు. పక్షవాతం వచ్చి తగ్గిన నడక. అలా తగ్గడం చిన్న విషయం కాదు, ఎవరో ఎన్నాళ్ళో కూర్చుని కష్టపడితేగానీ అంత తగ్గదు.

నా భార్యక్కూడా డాక్టరు చెప్పింది కదలమనే. గుండె కొంచెం బలహీనంగా ఉంది, మందులు వేసుకుంటూ రోజూ ఇరవై నిమిషాలు నడవండమ్మా అన్నాడు. రోడ్డంటే ఆమెకి భయం, ఓసారి స్కూటరు గుద్దినప్పటి నుంచీ రోడ్డు దాటాలంటే నా చొక్కా వెనకనుంచి గుప్పెట్లో పట్టుకునేది. అయితే ఇంట్లో సైకిలు తొక్కండి, నిలబెట్టి ఉంటుందే, అది అన్నాడాయన. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ, "ఎక్కడికీ వెళ్ళని సైకిలు ఒకటి కొనిపెట్టండి. ఎక్కడికీ వెళ్ళని ఆడదాన్ని కదా, ఇద్దరికీ సరిపోతుంది," అంది. నవ్వుతూనే అంది. తను ఏది అడిగినా దాని చుట్టూ నవ్వు చుట్టి ఇచ్చేది, విప్పి చూసుకోవలసిన బాధ్యత నాది. నేను విప్పలేదు. ఒక పొడవాటి దారం తీసి, ఆమెను గోడకి ఆనుకుని నిలబడమని, నడుము నుంచి మడమ దాకా కొలిచి, ముడివేశాను. చక్కిలిగింతలకి మెలికలు తిరిగిపోయి, నన్ను కొలిచేదేంటి, సైకిల్ని కొలవాలిగానీ అంది. ఆ దారం జేబులో వేసుకుని పాతసామాన్ల కొట్టుకి వెళ్ళాను. అక్కడొకటి ఉంది. దారం పట్టి చూస్తే సీటు గొట్టానికి పైనుంచి రెండో చిల్లు దగ్గర ముడి సరిగ్గా కూర్చుంది. ఆ చిల్లు పక్కన గుండుసూదితో ఒక చిన్న గీత గీశాను, మొదటి రీడింగు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళి, అన్నీ మళ్ళీ చూసి, ఇంకో గీత. కొట్టాయన చెవి వెనక పెన్సిలు తీసి తల గోక్కుని, "మాస్టారూ, సైకిలు కొంటున్నారా, పిల్లనిస్తున్నారా?" అన్నాడు. మూడోసారి వెళ్ళింది ఇంకో పదకొండు రోజులకి. మధ్యలో పరీక్షలు, ప్రాక్టికల్సు, ఏవో పెద్ద పనుల్లా కనిపించినవి. సైకిలు లేదు, దుమ్ములో దాని నాలుగు కాళ్ళ గుర్తులు నల్లగా మెరుస్తున్నాయి. "ఇవాళ పొద్దున్నే పోయింది మాస్టారూ, ఎవరో ఆడమనిషి. వచ్చింది, చూసింది, ఆటోలో వేసుకుపోయింది," అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే ఆమె నా మొహం చూసి, నన్నే ఓదార్చింది. పర్లేదులెండి, ఇంకోటి దొరుకుతుంది, నేనేమైనా పందేలకి వెళ్ళాలా. పర్లేదు అనడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. ఎంత బాగా అనేదంటే, నిజంగానే పర్లేదని నేను నిద్రపోయేవాణ్ణి.

టీ వచ్చింది. గ్లాసు సాసరులో కొద్దిగా గలగలమంది, కానీ ఒక్క చుక్క ఒలకలేదు, అంతదూరమూ ఆవిడ గ్లాసునే చూస్తూ నడిచింది. "పంచదార తక్కువేశాను, నీ మొహం చూస్తే సుగరున్నవాడిలా ఉన్నావు," అంది. లేదమ్మా అన్నాను. "అయితే తెస్తానుండు." వద్దు, కూర్చోండి, ఇదే బాగుంది. నిజంగానే బాగుంది. పరాయివాళ్ళింట్లో అడక్కుండా వచ్చిన వేడి టీ, బయట వాన, గుడ్డముక్కల వాసన. ఈ రెండేళ్ళలో ఇలాంటివే పోగుచేసుకుంటున్నాను. బస్సులో ఎవరో లేచి ఇచ్చిన సీటు, మందుల షాపులో 'జాగ్రత్తండీ' అన్న అమ్మాయి. వాటితో రోజు గడుస్తుంది. సాయంత్రం తాళం తీసేటప్పుడు మాత్రం ఏదీ చాలదు.

ఎక్కి చూడాలి కదా, ఎక్కకుండా ఎలా తెలుస్తుంది. కోట్లు తీసి మంచం మీద పెట్టాను. సీటు మరీ కిందికి ఉంది, నా ఎత్తుకి సరిపోదు, మోకాలు అంత మడత పడదు. పిన్ను లాగి సీటు పైకెత్తాను. గొట్టం లోపల్నుంచి కొద్దికొద్దిగా బయటికొచ్చింది, ఇన్నాళ్ళూ వెలుతురు చూడని ఇనుము, జిడ్డుగా, మెరుస్తూ, ఒక చిల్లు, ఇంకో చిల్లు. ఆ రెండో చిల్లు పక్కన, గోరంత పొడవున, పక్కపక్కనే, రెండు గీతలు.

పిన్ను చేతిలోనే ఉంది. వాన కొంచెం పెద్దదైనట్టుంది, లేక మిగతా చప్పుళ్ళన్నీ తగ్గాయేమో. గీతలు ఎవరైనా గీస్తారు, ఇనుము మీద ఎన్ని గీతలు పడవు. వేలితో తడిమాను, మొదటిది నిటారుగా ఉంది, రెండోది కొంచెం కుడికి వాలింది, ఆ రోజు కొట్టాయన తొందరపెడుతుంటే చెయ్యి జరిగింది. నాదే. ఎవరమ్మా కొన్నది దీన్ని, ఎప్పుడు, అని అడిగాను. "కోడలే. నా ఎడమపక్క పడిపోయి మంచంలో ఉన్నాను. మా వాడు పోయిన మూడో ఏడు అది. ఆసుపత్రిలో ఎవరో చెప్పారుట, తెల్లారేసరికి ఆటోలో ఇది దిగింది. ఎంతకి కొన్నావే, బేరమాడావా అంటే, ఆడితే కాళ్ళొస్తాయా అత్తయ్యా అంది. దానికి ఆగడం చేతకాదు," అంది పెద్దావిడ. దానికి ఆగడం చేతకాదు. ఆ మాట సైకిలు మీదా, తెల్లకోట్ల మీదా, నా మీదా అలా పడి ఉండిపోయింది. ఎవరో ఆడమనిషి, వచ్చింది, చూసింది, వేసుకుపోయింది. ఇన్నాళ్ళూ ఆ ఆడమనిషిని నేను మనసులో ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఆమెకి మొహం లేదు, చెయ్యి మాత్రమే ఉండేది, నా ముందునుంచి లాక్కుపోయే చెయ్యి.

ఏడు వారాలు. ఆ దుమ్ములో గుర్తులు చూసిన రోజు నుంచి ఆ మధ్యాహ్నం దాకా ఏడు వారాలు. ఈలోగా నేను ఇంకో కొట్టులో ఇంకో సైకిలుకి రెండు రీడింగులు పూర్తిచేశాను. ఆ మధ్యాహ్నం నా భార్య టీ కప్పులు పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చుని, కొంచెం ఆయాసంగా ఉందండీ అంది. చెయ్యి ఇటివ్వు అని నాడి పట్టుకుని గడియారం చూశాను. తొంభై రెండు. ఉండు, ఇంకోసారి. తొంభై ఆరు. ఇంకొక్కసారి అంటే చెయ్యి లాక్కుంది. "చాల్లెండి, టీ చల్లారిపోతోంది." నిజంగానే చల్లారిపోతోంది. నేను టీ తాగాను. పేపరు తిరగేశాను. ఆమె లోపలికి వెళ్ళి పడుకుంది. ఏ నాలుగింటికో నేను వెళ్ళి చూసేసరికి ఫ్యాను గాలికి ఆమె జుట్టొక్కటే కదులుతోంది. సైకిలు ఉండి ఉంటే అని డాక్టర్ని అడిగాను, తర్వాతెప్పుడో, సిగ్గులేకుండా, ఆయన వీధిలో కనబడితే ఆపి అడిగాను. అలా చెప్పలేమండీ, కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు. మంచివాడు. కానీ ఏ జవాబూ లేకపోవడం ఎంత పెద్ద శిక్షో ఆయనకి తెలియదు. ల్యాబులో అయితే మళ్ళీ చేసి చూడొచ్చు, అదే బరువు, అదే దారం, ఈసారి పదకొండు రోజులు ఆగకుండా. ఇది ఒక్కసారికే ఇచ్చిన ప్రయోగం. నేను పరికరాలు సర్దుకుంటూండగానే బెల్లు కొట్టేశారు.

ఎక్కాను చివరికి. సీటు ఎత్తుచేసి, చేతికర్ర గోడకి ఆనించి, చెడ్డకాలు చేత్తో ఎత్తి పెడల్ మీద పెట్టి. పాదం పెడల్ పట్టీలో దూరలేదు. పట్టీ చివరి చిల్లు దాకా బిగించి ఉంది, ఎనిమిదేళ్ళ పిల్ల పాదానికి సరిపోయేలా. వంగి వదులు చేయబోయి ఆగిపోయాను. ఎవరూ తొక్కడంలేదు సార్, ఏడాది దాటింది, బట్టలు వేలాడెయ్యడానికే ఉంది అని కదా కోడలు ఫోనులో చెప్పింది. బట్టలున్నది హ్యాండిలు మీదే. పెడళ్ళ మీద దుమ్ములేదు. సీటు మీద మడతపెట్టిన పాత తువ్వాలు, దానికి నొప్పుల మందు వాసన. సైకిలు పక్కన ఓ చిన్న పీట, ఎక్కడానికి. చూడ్డం నా వృత్తి అని ఇందాకే గొప్పలు పోయాను, ఇదంతా వచ్చిన మొదటి నిమిషంలో కనబడవలసింది. తలెత్తి మంచం వైపు చూశాను. నేల మీద పక్కపక్కన పెట్టుకున్న రెండు పాదాలు, చిన్నవి, ఎంత చిన్నవంటే. నా భార్యవీ అంతే ఉండేవి. చెప్పుల షాపువాడు పిల్లల వరసలోంచి తీసి ఇచ్చేవాడు.

"ఇంత చిన్న పాదం ఈ ఇంట్లో ఎవరిదమ్మా?" అన్నాను.

పెద్దావిడ పాదాలు రెండూ మంచం కిందికి లాక్కుంది. దొంగతనం బయటపడ్డ పిల్లలా కాసేపు కిటికీ వైపు చూసింది. "దానికి చెప్పకు," అంది తర్వాత, గొంతు తగ్గించి. "తెల్లారుజామున, అది లేవకముందు. పది నిమిషాలంతే. ఆ పది నిమిషాలూ లేకపోతే మధ్యాహ్నానికి ఈ కాలు చెక్కైపోతుంది." మరి ఎందుకమ్మా అమ్మేస్తున్నారు, తొక్కుతున్నానని చెప్పొచ్చుగా. "చెప్తే అమ్మదు. అమ్మకపోతే కొత్త కుట్టుమిషను ఎక్కడ పెడుతుంది, నా నెత్తి మీదా? పెద్ద ఆర్డరు వచ్చింది దానికి. ఒంటి చేత్తో లాక్కొస్తోంది నాయనా సంసారం. నా కాళ్ళ కోసం దాని చేతులు కట్టెయ్యమంటావా?" మరి నాకేమో ఇది మంచిది కాదు, కొనొద్దంటున్నారే. "మనసొప్పుకుంది. నోరు ఒప్పుకోలేదు," అంది.

నేను సైకిలు మీదే కూర్చుండిపోయాను. ఏం చేస్తాం. పెడల్ని ముందుకి తోస్తే కొంత దూరం వెళ్ళి మోకాలి దగ్గర ఆగింది, వెనక్కి, మళ్ళీ ముందుకి. టక్కు అనడానికి చుట్టు పూర్తికావాలి, కాదు. ఇంకో నాలుగు వేళ్ళ వెడల్పు మడత పడితే చాలు. ఈ సైకిలైతే పడుతుంది. రోజూ అరగంట, తొమ్మిది రోజులు, తెలిసిన సైకిలు, నా గీతలున్న సైకిలు, ఇది నా ఇంటికి రావలసిందే, రెండేళ్ళు ఆలస్యంగా వస్తోంది అంతే. ఆవిడే చెప్పొద్దంటోంది. చెప్పొద్దన్న మాట చెప్పకపోవడం మర్యాద. డబ్బు జేబులో ఉంది, ఆటో కింద దొరుకుతుంది. ఆ మూల ఖాళీ చెయ్యడం కోడలికీ అవసరం, అందరికీ మంచిదే. ఎంత బాగా కలుస్తున్నాయో అంకెలన్నీ. మరీ బాగా కలుస్తున్నాయి. పర్లేదు అంటోంది ఆవిడ, అంతే కదా, ఇంకో రకంగా, చుట్టూ మాటలు చుట్టి. విప్పి చూడవలసిన బాధ్యత ఎదుటివాళ్ళది. నేను ముప్పై నాలుగేళ్ళు ఒక పర్లేదు పక్కన నిద్రపోయాను.

తలుపు తోసుకుని కోడలు వచ్చింది. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో మూట, పమిట చివర నీళ్ళు కారుతున్నాయి. నలభై దాటి ఉంటుంది, చెవి పక్కన జుట్టులో తెల్లదారం ముక్క ఒకటి చిక్కుకుని ఉంది. ఇన్నాళ్ళు మొహం లేకుండా ఉన్న ఆడమనిషి. మొహం అలిసిపోయి ఉంది, మామూలుగా ఉంది, చూడగానే కూర్చోమనాలనిపించేలా ఉంది. "సారీ సార్, ఆ బస్సు కదిల్తేగా. టీ ఇచ్చారా? అత్తయ్య మీ బుర్ర తినెయ్యలేదు కదా?" అంటూనే మూట దించి, సైకిలు మీద ఉన్న నన్ను చూసి, "నచ్చిందా?" అంది. ఫోనులో చెప్పిన రేటే చెప్పి, కాలు బాలేదు కదా సార్, మీరెంతిచ్చినా పర్లేదు అంది. ఈమె కూడా.

ఒక రీడింగు అబద్ధం అనేవాణ్ణి. బయటికెళ్ళి, రేపొకసారి వచ్చి, ఎల్లుండొకసారి వచ్చి, మెల్లిగా ఎలా చెప్పాలో చూసుకుని చెప్పొచ్చు. "మీ అత్తగారు రోజూ తొక్కుతున్నారమ్మా దీన్ని," అన్నాను.

మంచం మీదనుంచి, "కడుపులో మాట దాగదా నీకు? ఇంత టీ పోశాను!" అని వినిపించింది. కోడలు ఇటు చూసింది, అటు చూసింది, పీట చూసింది, తువ్వాలు తీసి వాసన చూసింది. "తెల్లారుజామున టక్కు టక్కుమనేది నువ్వా?" అంది. "పక్కింటివాళ్ళ మోటరనుకుని రెండుసార్లు తగువుకెళ్ళాను కదా అత్తయ్యా! పాపం ఆయన బాగుచేయించి బిల్లు కూడా చూపించాడు!" అంది. కోపంగానే మొదలుపెట్టింది, సగంలో గొంతు జారిపోయింది, జారిపోయిన గొంతుతోనే తిట్టడం పూర్తిచేసింది. చెప్పడానికి నోరు లేదా, నేను రాక్షసినా, మిషను వంటింట్లో పెట్టుకుంటా, నెత్తినెట్టుకుంటా, నీకెందుకు. పెద్దావిడ, "వంటింట్లో పెడితే నూనె పడుతుందే కోట్ల మీద," అంది. అప్పుడు కూడా ఆవిడ ఆలోచన కోట్ల గురించే.

నేను దిగాను. పిన్ను లాగి, సీటు మళ్ళీ కిందికి దించాను. ఒక చిల్లు లోపలికి వెళ్ళింది, ఇంకొకటి. గీతలు రెండూ గొట్టంలోకి దిగి చీకట్లో కలిసిపోయేదాకా చూసి, పిన్ను పెట్టేశాను. మరి మీ కాలు సార్, అంది కోడలు, కళ్ళు తుడుచుకోవడం నాకు కనబడకుండా గొడుగు మడుస్తూ. ఇంకో రెండు చోట్ల చూస్తానమ్మా అన్నాను. "పొద్దున పది నిమిషాలే నాది," అంది పెద్దావిడ, అలిగినట్టే ఉండి. "మిగతా రోజంతా అది ఖాళీ. వచ్చి తొక్కుకో." ఈ మెట్లు రోజూ ఎక్కగలిగితే సైకిలే అక్కర్లేదు కదమ్మా అన్నాను. ముగ్గురం నవ్వాం, ఎక్కువసేపు కాదు. ఇంకో రెండు చోట్లంటూ ఏమీ లేవు, ఏడిళ్ళూ అయిపోయాయి, ఇది ఎనిమిదోది. తలుపు దగ్గరకి వచ్చేసరికి వెనకాల కోడలు, "ఎక్కు. నా కళ్ళముందు ఎక్కు, చూస్తాను," అంటోంది.

తలుపు మూసుకుంది. మెట్ల మలుపు దగ్గర రెయిలింగు పట్టుకుని ఆగాను, కాలికి కొంచెం ఊపిరి ఇవ్వడానికి. తడిసిన గోడ, ఎవరివో చెప్పులు, కిటికీలోంచి వాన వెలుతురు. ఇంటికి వెళ్తే అక్కడ ఇంకో నలభై నాలుగు మెట్లు, తొమ్మిది రోజులు, ఆ తర్వాత పాదాలు రెండూ ప్రతి మెట్టు మీదా కలుసుకుంటూనే ఉంటాయేమో, ఎప్పటికీ. అలవాటైపోతుంది. మనిషికి దేనికైనా అలవాటవుతుందని ఇప్పుడు నాకంటే ఎవరికి బాగా తెలుసు. పైన, మూసిన తలుపు వెనక, మొదట సన్నగా రొద, తర్వాత టక్కు. చాలాసేపటికి ఇంకోటి. ఆ తర్వాత వరసగా. నా చెయ్యి తనంతట తానే చొక్కా చేతిని పైకి లాగింది, గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు దగ్గరికి వచ్చేదాకా ఆగి లెక్కపెట్టాను. నిమిషానికి ముప్పై ఆరు. ఇంకో నిమిషం నిలబడ్డాను. ముప్పై తొమ్మిది. ఇక్కడే ఎప్పుడూ ఆగిపోయేది, ఎవరో ఒకరు చెయ్యి లాక్కునేవాళ్ళు, లేదా దుమ్ములో గుర్తులే మిగిలేవి. రెయిలింగు మీద చెయ్యి బిగించి, ఊపిరి బిగబట్టి, ముల్లునే చూశాను. వాన కొంచెం తగ్గింది. చప్పుడు ఆగలేదు.

ముప్పై తొమ్మిది.

చెడ్డ కాలు కింది మెట్టు మీద పెట్టాను.